మధ్య మెట్లు లేని దిగుడుబావి

నెల్లిమర్లలో పెరిగినవాళ్లకు గోడ గడియారంతో పెద్ద పని ఉండేది కాదు. జూట్‌మిల్లు కూత చాలేది. షిఫ్టు మారిన ప్రతిసారీ ఆ కూత చంపావతి గట్టు దాటి పొలాల దాకా పోయేది. మా అమ్మ దాన్ని బట్టే ఎసరు పెట్టేది. మా చిన్నాన్న దాన్ని బట్టే సైకిలు బయటికి తీసేవాడు. నాకు పదమూడేళ్లున్న ఏడాది, వానలు మొదలయ్యాక, ఆయన కూతకు ముందే లేచి కూర్చోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు కూత ఆగిపోయినా తల పైకెత్తి ఇంకా ఏదో వింటూ ఉండేవాడు. ఒక రాత్రి కంచం ముందు ముద్ద కలిపి, నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయాడు.

"వొదినా, అది నన్నే పిలస్తంది. నీకు ఇనబడ్డం నేదా?"

అమ్మకు కూత వినిపించింది. పిలుపు వినిపించలేదు.

కూత పిలుపుగా మారడానికి చిన్నాన్నకు ఏడాది పైనే పట్టింది. ఆ ఏడాదిలో జరిగినవి చెప్పుకుంటే చాలా చిన్నవి. వచ్చిన ఉత్తరాలు విప్పకుండా బియ్యం డబ్బా వెనక దాచేవాడు. రేడియోకు తువ్వాలు చుట్టి పెట్టేవాడు. గడ్డం ఒక చెంపకే గీసుకుని అద్దం ముందు నుంచి లేచిపోయేవాడు. చెప్పులు గోడవైపు తిప్పి విడిచేవాడు. కేకలు వెయ్యలేదు, గుడ్డలు చింపుకోలేదు, ఎవరి మీదా చెయ్యెత్తలేదు. వీధిలోవాళ్లు 'పిచ్చి' అన్న మాట వాడింది ఆఖరి వారంలో. అప్పటిదాకా "మనిషి కొంచెం మారాడు" అన్నారంతే.

ఇంట్లో ఎవరం ఎందుకు గుర్తుపట్టలేకపోయాం? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లు వెంటాడింది. ఒక కారణం నాకు ఖాయంగా తెలుసు. పిచ్చి అంటే ఎలా ఉంటుందో మాకు చెప్పింది సినిమా హాలు. అక్కడ పిచ్చి ఒక్క క్షణంలో వచ్చేది. ఫోన్లో చావు కబురు, పైన ఉరుము, కథానాయకుడి కళ్ల మీద క్లోజప్, ఒక వెర్రి నవ్వు. మర్నాటికి చింపిరి జుట్టు. ఈ గుర్తుల్లో ఒక్కటీ చిన్నాన్నలో లేదు. అందుకని ఆయన జబ్బు మాకు జబ్బుగా కనబడలేదు.

మతి తప్పడం అనేది దిగుడుబావిలోకి దిగడం లాంటిది. ఒక్కో మెట్టూ దిగుతుంటే పైనున్న వెలుతురు కొంచెం కొంచెంగా తగ్గుతుంది. మన సినిమా పై మెట్టు చూపించింది, అడుగున నీళ్లూ చూపించింది. మధ్య మెట్లు ఎక్కడ చూపించిందో, ఎక్కడ దాటవేసిందో ఒకసారి కూర్చుని లెక్క చూడాలనిపించింది.

ముందు మాట సంగతి చెప్పాలి. తెలుగులో 'పిచ్చి' ఒక్క అర్థంతో ఆగే మాట కాదు. సినిమా పిచ్చి, పుస్తకాల పిచ్చి ఉన్నాయి. తల్లి బిడ్డను ముద్దుగా పిచ్చితండ్రీ అంటుంది. మా వైపు 'ఎర్రి' అంటే లోకం తెలియనితనం, అమాయకత్వం. 1953లో ఎన్‌టీఆర్ సొంత సంస్థ నుంచి తాతినేని ప్రకాశరావు దర్శకత్వంలో వచ్చిన 'పిచ్చి పుల్లయ్య'లో ఆ పిచ్చి ఇదే. కల్లాకపటం ఎరగని పల్లెటూరి మనిషికి లోకం పెట్టిన పేరది. 1986లో విశ్వనాథ్ 'స్వాతిముత్యం'లో శివయ్య కూడా ఆ కోవలోవాడే. ఆయనది బుద్ధి ఎదగకపోవడం. పుట్టుకతో వచ్చే ఆ స్థితికీ, నిండుగా బతుకుతున్న మనిషి మనసు క్రమంగా చెదిరిపోయే జబ్బుకూ పోలిక లేదు. కానీ ప్రేక్షకుడి దగ్గర రెండింటికీ ఒకే మాట ఉంది. మాట ఒకటే అయినప్పుడు కంటికి తేడా ఆనడం కష్టం.

1960వ సంవత్సరం ఈ విషయంలో విచిత్రమైన ఏడాది. అమెరికాలో హిచ్‌కాక్ 'సైకో' వచ్చింది. బెంగాల్లో సత్యజిత్ రాయ్ 'దేవి' తీశాడు. తెలుగులో గుత్తా రామినీడు 'చివరకు మిగిలేది' తీశారు. బుచ్చిబాబు నవలతో దీనికి సంబంధం లేదు, పేరొక్కటే కలిసింది. ఇది ఆశుతోష్ ముఖర్జీ రాసిన బెంగాలీ కథ. అంతకు ముందు ఏడాదే అసిత్ సేన్ దాన్ని సుచిత్రా సేన్‌తో 'దీప్ జ్వేలే జాయ్'గా తీశాడు. తర్వాత హిందీలో వహీదా రెహ్మాన్‌తో 'ఖామోషీ' అయింది. కథకు కేంద్రం ఒక నర్సు, తెలుగులో ఆ పాత్ర సావిత్రిది.

కథ వినడానికి సులువు. ప్రేమలో దెబ్బతిని మతి చెదిరిన యువకుల్ని ఆప్యాయతతో బాగుచేయొచ్చని ఒక పెద్ద డాక్టరు ప్రయోగం మొదలుపెడతాడు. ఆప్యాయత చూపే పని నర్సుది. రోగి బాగుపడేదాకా ప్రేమించినట్టు నటించాలి, బాగుపడ్డాక పక్కకు తప్పుకోవాలి. మొదటివాడు బాగుపడి వెళ్లిపోతాడు. ఆమె మాత్రం నటించలేదు. నిజంగానే మనసిచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఇంకొక రోగి వస్తాడు. అతనికీ అదే మందు ఆమె చేతులతోనే ఇవ్వాలి. చివరకు రోగి బాగుపడి బయటికి నడుస్తాడు, నర్సు రోగి అవుతుంది.

పడిపోవడం కాకుండా దిగడాన్ని చూపే ప్రయత్నం మన తెర మీద ఇంత నిజాయితీగా మరెక్కడా జరగలేదని నా నమ్మకం. ఇక్కడ ఉరుము లేదు, చావు కబురు లేదు. రోజూ డ్యూటీకి వచ్చి, మందుల ట్రే పట్టుకుని, నవ్వవలసిన చోట నవ్వుతూ ఒక మనిషి లోపల్లోపల కరిగిపోతోంది. చుట్టూ ఉన్నవాళ్లందరూ మనసు జబ్బుల్ని చూడటమే వృత్తిగా ఉన్నవాళ్లు. వాళ్లకే ఆమె కనబడలేదు. మా ఇంట్లో మేము చూడలేకపోయామంటే ఆశ్చర్యమేముంది? ఇంకో సంగతి. ఎం. ప్రభాకర్ రెడ్డి తెరకు పరిచయమైంది ఈ సినిమాతోనే. ఆయన నిజ జీవితంలో వైద్యం చదివిన మనిషి. పిచ్చాసుపత్రిని నవ్వులాటకు కాకుండా పని జరిగే చోటుగా చూపిన మొదటి తెలుగు సినిమాల్లో ఇదొకటి కావడంతో ఆ విషయం నాకు గుర్తుండిపోయింది.

మూడేళ్లకు 'పునర్జన్మ' వచ్చింది. ప్రత్యగాత్మ దర్శకుడు, అక్కినేని, కృష్ణకుమారి. ప్రియురాలి చావుతో కథానాయకుడి మతి పోతుంది. అతన్ని మామూలు మనిషిని చేయడానికి తండ్రి ఒక నర్తకిని తెచ్చి భార్యగా నటించమంటాడు. గుల్షన్ నందా నవల ఇది. 1970లో ఎల్.వి. ప్రసాద్ హిందీలో 'ఖిలోనా'గా నిర్మిస్తే దేశమంతా చూసింది. అదే ఏడాది తమిళంలో శివాజీ గణేశన్ చేశాడు. ఇక్కడ మధ్య మెట్లు పూర్తిగా పోయాయి. చావు చూడగానే పిచ్చి, ఇంకొక దెబ్బ తగలగానే తెలివి. తాళం పడింది, తాళం తీశారు. ఈ రెండు సినిమాల్లోనూ మగవాడి మనసు బాగుచేసే ఖర్చు ఒక ఆడదాని మీద పడింది. 'చివరకు మిగిలేది' ఆ ఖర్చెంతో లెక్క చూపించింది. 'పునర్జన్మ' దాన్ని త్యాగం అంది. తర్వాతి యాభై ఏళ్లూ మన సినిమా రెండో దారే పట్టింది.

షాక్ తగిలితే పిచ్చి, మళ్లీ షాక్ తగిలితే నయం అన్న సూత్రం అలా స్థిరపడిపోయింది. దుఃఖం మనసును కుంగదీస్తుంది, నిజమే. కానీ స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు సాధారణంగా పద్దెనిమిదీ ముప్ఫై ఏళ్ల మధ్య నెమ్మదిగా మొదలవుతుంది. నిద్ర చెదరడం, నలుగురిలోకి రాకపోవడం, చదువులోనో పనిలోనో వెనకబడటం, అనుమానం... ఇవి నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగుతాయి. ఆ కాలంలోనే వైద్యం అందితే మేలు ఎక్కువ. తెర మీద కత్తిరించి పారేసింది సరిగ్గా ఆ కాలాన్నే.

తెలుగువాళ్లకు ఈ దిగుడు తెలియక కాదు. మన నవల దీన్ని ఎప్పుడో పట్టుకుంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు మెట్టు మెట్టుగా తనలోకి తాను కూరుకుపోతాడు. విశాఖ వకీలు రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్య భయాన్ని ఆ భయం లోపల కూర్చునే రాశాడు. గోపీచంద్ ఆ నవల రాశాక కెమెరా వెనక కూడా నిలబడ్డాడు. 1950లో 'లక్ష్మమ్మ', ఆ తర్వాత 'పేరంటాలు', 'ప్రియురాలు' ఆయన దర్శకత్వంలోనే వచ్చాయి. సీతారామారావును మాత్రం తెర మీదికి తేలేదు. ఆయన తెచ్చి ఉంటే మన సినిమా నడక వేరేగా ఉండేదేమోనని నాకు ఇప్పటికీ దిగులు.

తర్వాతి కాలంలో మచ్చుకు కొన్నే చెప్పుకోవాలి. బాలు మహేంద్ర 'వసంత కోకిల' డబ్బింగై మా ఊరి హాళ్లలో ఆడింది. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఒక యువతి చిన్నపిల్ల మనసుకు వెళ్లిపోతుంది. ఇది నిజానికి జ్ఞాపకశక్తి కథ. ఆఖరి రైల్వేస్టేషన్ ఘట్టం గొప్పతనం వేరే చోట ఉంది. మామూలు మనిషైన ఆమె, తన కోసం ప్లాట్‌ఫారం మీద గెంతుతున్న మామూలు మనిషిని చూసి పిచ్చివాడనుకుంటుంది. కిటికీకి ఏ పక్కన కూర్చున్నామన్నదే పిచ్చికీ తెలివికీ గీత అవుతుంది. వంశీ 'మహర్షి' 1987లో వచ్చింది. ప్రేమించిన అమ్మాయి పరాయిదైతే మతి చలించడం అందులోనూ ఉంది, అయితే ఆ మొండితనం మొదటి రీలు నుంచే పాత్రలో ఉంది. కొంత మేలు.

ఈ కాలంలో నా మనసు నిలిచేది 'స్వాతికిరణం' మీద. 1992, విశ్వనాథ్. జబ్బు పేరు ఎక్కడా లేదు, డాక్టరు లేడు. ఉన్నది అసూయ. అనంతరామశర్మ పెద్ద విద్వాంసుడు. ఒక చిన్నపిల్లాడి పాట విన్నాక ఆయనకు నిద్ర పోతుంది, సంగీతం పోతుంది, భార్య ముందు తలెత్తే ధైర్యం పోతుంది. ఆ పాత్రలో మమ్ముట్టి అరవడు. పిల్లాడు పాడుతుంటే చూపు ఎక్కడ నిలపాలో తెలియక పక్కకు తిప్పుకుంటాడు, అంతే. ఆ పక్కచూపు పిల్లాడి ప్రాణం తీసేదాకా ఎలా నడిచిందో ఒక్క మెట్టూ వదలకుండా చూపించారు. మానసిక వ్యాధి మీద తీశామని చెప్పుకున్న చాలా సినిమాలకంటే మనసు చెడిపోయే తీరు ఇందులో ఎక్కువ కనిపిస్తుంది.

అదే మమ్ముట్టి ఐదేళ్ల ముందు మలయాళంలో 'తనియావర్తనం' చేశాడు. లోహితదాస్ రాస్తే సిబి మలయిల్ తీశాడు. తరానికొక మగవాడికి పిచ్చి పడుతుందని పేరుపడ్డ ఇంట్లో ఒక బడిపంతులు. అతనికి ఏ జబ్బూ లేదు. ఒక రాత్రి పీడకల వచ్చి ఉలిక్కిపడి లేస్తాడు. అక్కడి నుంచి బడిలో పిల్లలు, వీధిలో పెద్దలు, సొంత ఇల్లు, అందరూ అతన్ని చూసే చూపు మారుతుంది. ఆ చూపులే అతన్ని ఒక్కో మెట్టూ కిందికి తోస్తాయి. రాయ్ 'దేవి'లో దయామయిదీ ఇదే గతి. మామగారికి కలొస్తుంది, కోడల్ని కాళి అవతారమంటాడు, ఊరు మొక్కుతుంది, చివరకు ఆ పిల్ల తానెవరో తనకే తెలియని స్థితికి చేరుతుంది. మతి తప్పడంలో చుట్టుపక్కలవాళ్ల చెయ్యి ఎంత ఉంటుందో చెప్పిన సినిమాలివి. పూనకాలు, మొక్కులు, ఊరి మాట ఇంత బలంగా ఉన్న మన ఉత్తరాంధ్ర నుంచి ఇలాంటి కథ ఒక్కటీ తెరకెక్కకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఊరి మాట అన్నాను కాబట్టి మా ఇంటి సంగతి ఇక్కడ చెప్పేయాలి. చిన్నాన్నకు మొదట చేయించింది వైద్యం కాదు. గాలి సోకిందన్నారు, ఎవరో చెడుపు చేశారన్నారు. ఒక భూతవైద్యుడి దగ్గర రెండు నెలలు పోయాయి. వేపమండలు, నిమ్మకాయలు, వీపు మీద వాతలు. మా నాన్న ఎదురు చెప్పలేదు. ఆయనకూ తెరే గురువు. తెర మీద గాలి వదిలించడం ఎప్పుడూ ఫలించేది. ఇప్పటికీ అంతే. 'మసూద', 'విరూపాక్ష', 'మా ఊరి పొలిమేర' చక్కగా తీసిన సినిమాలు, భయపెట్టడం తెలిసిన సినిమాలు. కానీ మనిషి వింతగా మాట్లాడితే, తిండి మానేస్తే, దాని వెనక ఎవరో చేసిన క్షుద్రం ఉంటుందని ఇన్ని హాళ్లలో ఇన్ని వేలమందికి చెబుతున్నప్పుడు, ఏదో ఒక పల్లెలో ఏదో ఒక చిన్నాన్నకు రెండు నెలలు పోతూనే ఉంటాయి.

గొలుసుల కథ 'శేషు'తో వచ్చింది. బాలా తమిళంలో తీసిన 'సేతు'ను 2002లో జీవిత దర్శకత్వంలో రాజశేఖర్ చేశారు. తల మీద దెబ్బతో మతి పోయిన కుర్రాణ్ణి ఒక ఆశ్రమంలో గొలుసులు వేసి ఉంచుతారు. ఇందులో నన్ను కుదిపింది గొలుసులు కాదు. అతనికి తెలివి వస్తుంది, వచ్చిందని ఎవరూ నమ్మరు. ఒకసారి ఆ పేరు పడ్డాక మనిషి మాటకు విలువ పోతుందన్న నిజం అంత సూటిగా చెప్పిన ఘట్టం అరుదు. తమిళ సినిమాకూ తెలుగు సినిమాకూ మధ్య, 2001 ఆగస్టు 6న, రామనాథపురం జిల్లా ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన రోగులు మంటల్లో కాలిపోయారు. పారిపోవడానికి వాళ్ల కాళ్లు వాళ్లవి కావు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడాన్నీ నిషేధించింది. సినిమాల్లో మాత్రం కరెంటు చికిత్స ఇప్పటికీ విలన్ చేయించే చిత్రహింసే. మత్తిచ్చి, కండరాలు సడలించి చేసే ఆ చికిత్సతో తిండి మానేసిన మనిషి మళ్లీ అన్నం తిన్న ఇళ్లున్నాయి. వాళ్ల కథ ఎవరూ తియ్యలేదు.

2005 మరో మలుపు. ఏప్రిల్‌లో 'చంద్రముఖి', జూన్‌లో 'అపరిచితుడు'. రెండూ తమిళం నుంచే, రెండూ ఒకే మనిషిలో ఇంకో మనిషి కథలే. 'చంద్రముఖి' మూలం 1993 నాటి మలయాళ 'మణిచిత్రత్తాళు'. అక్కడి నర్తకి తంజావూరు మనిషి. రజనీకాంత్ సినిమాలో ఆమెను విజయనగరం నుంచి తెచ్చిన తెలుగు నర్తకిని చేశారు. తమిళ సినిమాలో కూడా ఆమె పాట తెలుగులోనే ఉంటుంది. విజయనగరం పేరు విని మా ఊరి హాల్లో ఈలలు పడ్డాయి. అది మా విజయనగరమా, కృష్ణదేవరాయలదా అని ఎవరూ అడగలేదు.

ఆ సినిమాకు ఒక మేలు రాసివ్వాలి. దెయ్యం అని ఇల్లంతా వణుకుతుంటే, ఒక డాక్టరు వచ్చి ఇది జబ్బు అన్నాడు. తెలుగు పల్లెల్లో లక్షలమంది ఆ మాట మొదటిసారి విన్నది అక్కడే. మలయాళంలో ఇంకా బాగా చేశారు. తల్లిదండ్రులకు దూరంగా ఒంటరిగా పెరిగిన పిల్ల, పాత కథల మీద మోజు, తెరవొద్దన్న గది... మెట్లు కనబడతాయి. శోభనకు జాతీయ అవార్డు ఊరికే రాలేదు. కానీ వైద్యం దగ్గరికొచ్చేసరికి అన్ని చోట్లా పాత తాళంచెవే. ఒక్క రాత్రి నాటకం ఆడి, బొమ్మను నరికించి, నయం చేశారు. జబ్బు ఒప్పుకుని చికిత్సకు భూతవైద్యుణ్ణే పిలిచినట్టయింది.

'అపరిచితుడు' చేసిన నష్టం ఎక్కువ. భయస్తుడైన లాయరు లోపల ఒక హంతకుడు, ఒక షోకిల్లా. జబ్బు ఇక్కడ బలం, ఆయుధం. లంచగొండుల్ని శిక్షించేది ఆ జబ్బే. విక్రమ్ నటన చూస్తూ కళ్లు తిప్పుకోలేం. అయినా సినిమా వదిలాక మానసిక రోగి అంటే హత్య చేయగలవాడని మిగిలిపోతుంది. అసలు జీవితంలో తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లు ఇతరుల్ని కొట్టడం కంటే ఇతరుల చేతిలో దెబ్బలు తినడమే ఎక్కువ. మా వీధి పిల్లలు చిన్నాన్న మీద రాళ్లు వేశారు. ఆయన వాళ్ల మీద ఒక్కటీ వెయ్యలేదు.

తర్వాత వచ్చిన ఒక ధోరణి ఇంకా సున్నితమైనది, అందుకే గుర్తించడం కష్టం. 2014లో సుకుమార్ '1 నేనొక్కడినే' తీశాడు. మెదడులో గ్రే మ్యాటర్ పావువంతు తక్కువున్న గాయకుడు, తన తల్లిదండ్రుల్ని చంపినవాళ్లు తనను వెంటాడుతున్నారని నమ్ముతాడు. కొంతసేపు మనమూ అతని కళ్లతోనే చూస్తాం. ఏది ఉంది, ఏది లేదు అని తికమకపడతాం. పెద్ద హీరో సినిమాలో అంత దూరం వెళ్లడం సాహసమే, అప్పట్లో దానికి దక్కాల్సిన మెప్పు దక్కలేదు. చివరికొచ్చేసరికి అతనివి భ్రమలు కావు, హంతకులు నిజం. కోవెలమూడి ప్రకాశ్ హిందీలో తీసిన 'జడ్జ్‌మెంటల్ హై క్యా' కూడా ఈ దారే. దాని అసలు పేరు 'మెంటల్ హై క్యా'. భారత మానసిక వైద్యుల సంఘం అభ్యంతరం చెప్పాక 2019లో పేరు మార్చి విడుదల చేశారు. గొంతులు వినిపించే ఆ అమ్మాయి అనుమానం ఆఖరికి నిజమవుతుంది. రోగి మాట నమ్మమని చెప్పడం మంచిదే. కానీ భ్రమ భ్రమగానే మిగిలిన మనిషికి మన సానుభూతి దక్కదా? చిన్నాన్నను ఎవరూ పిలవలేదు. ఆ పిలుపు నిజమని తేలే క్లైమాక్స్ ఆయన జీవితంలో లేదు. అంతమాత్రాన ఆయన భయం తక్కువ భయం కాదు.

మిగతావి వేగంగా. 2012లో '3' బైపోలార్ అన్న మాటను కుర్రకారు నోటికి తెచ్చింది, ఆ జబ్బుకు లేని దెయ్యపు రూపాల్నీ తగిలించింది. 'అర్జున్ రెడ్డి'లో తాగుడు దిగుడు బాగానే కనిపిస్తుంది, పైకి ఎక్కడం మాత్రం నాయనమ్మ పోయిన మర్నాడే జరిగిపోతుంది. 'మహానుభావుడు' ఓసీడీని నవ్వుల సరుకు చేసింది. చేతులు కడిగి కడిగి చర్మం ఊడిపోయిన పిల్లను చూసినవాళ్లకు ఆ నవ్వు రాదు. 2018లో ప్రశాంత్ వర్మ 'అ!' సినిమా మొత్తాన్నీ ఒక అమ్మాయి మనసు లోపలే నడిపింది. మేకప్పుకు, స్పెషల్ ఎఫెక్టులకు జాతీయ అవార్డులు వచ్చాయి. ఆలోచన కొత్తది. అయితే ఆ అమ్మాయి బాధ ప్రేక్షకుడికి విప్పాల్సిన పొడుపుకథ అయింది. విప్పేసరికి ఆమె చావుకు సిద్ధమైపోయింది. అదే ఏడాది 'మహానటి'లో సావిత్రి జీవితమే తెరకెక్కింది. మెట్లు దిగే నర్సుగా మనకు తొలిసారి ఆ దారి చూపించిన మనిషే, 1981లో దాదాపు 19 నెలల కోమా తర్వాత వెళ్లిపోయింది. కీర్తి సురేశ్ ఆ క్షీణతను గౌరవంగా చేసింది.

ఇక అసలు కిటుకు దగ్గరికి వస్తాను. స్కిజోఫ్రీనియాలో మనుషులు కనబడటం కంటే గొంతులు వినబడటం చాలా ఎక్కువ. సినిమాకు కనబడటమే ఇష్టం. 2001 నాటి హాలీవుడ్ 'ఎ బ్యూటిఫుల్ మైండ్' కూడా గణితవేత్త జాన్ నాష్ చుట్టూ లేని మనుషుల్ని నిలబెట్టింది. ఆయనకు నిజజీవితంలో వినబడినవి గొంతులు. మనవాళ్లూ అంతే, లేని మనిషిని తెచ్చి కూర్చోబెట్టి, తర్వాత కుర్చీ ఖాళీగా చూపిస్తారు. సినిమాలో సగం శబ్దం. ఆ సగాన్ని పాటలకూ ఉరుములకూ ఇచ్చేశాం. మిల్లు కూతను మూడుసార్లు వినిపించండి. మొదటిసారి మామూలుగా. రెండోసారి ఆగాల్సిన చోట కొంచెం ఆగకుండా. మూడోసారి అందులో ఒక పేరు ఉందా లేదా అని హాల్లో జనం ఒకరి మొహం ఒకరు చూసుకునేట్టు. మేకప్పు అక్కర్లేదు, గ్రాఫిక్స్ అక్కర్లేదు. 2020లో వచ్చిన 'ది ఫాదర్'లో మతిమరుపు ముసలాయన ఇంట్లో కుర్చీలు, గోడల రంగు చెప్పకుండా మారుతుంటాయి. ప్రేక్షకుడు తన జ్ఞాపకాన్నే అనుమానిస్తాడు. రోగి పక్కన కూర్చోబెట్టడం అంటే అది.

ఇది సినిమావాళ్ల గోల మాత్రమే కాదు. 2015-16లో నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. ఉన్నా అంకె మరీ మారేది కాదని మా వీధి చూస్తే అనిపిస్తుంది. 2022 అక్టోబరు నుంచి మానసిక సాయానికి ఫోన్ చేసేందుకు టెలీ మానస్ 14416 నంబరు ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. నెల్లిమర్లలోనే ఇప్పుడు వైద్య కళాశాల ఉంది. దారి దగ్గరైంది. ఎప్పుడు బయల్దేరాలో తెలియడమే మిగిలింది, అది తెలియాలంటే మధ్య మెట్లు గుర్తుపట్టాలి. 2024 జూలైలో సుప్రీంకోర్టు వికలాంగుల చిత్రణపై తీర్పు చెబుతూ, వాళ్లను అర్థం చేసుకునే హాస్యానికీ, వాళ్లను కించపరిచే హాస్యానికీ తేడా చూడమంది. కించపరచొద్దని కోర్టు చెప్పగలదు. ఎలా చూపాలో మాత్రం కథ రాసేవాళ్లే కనుక్కోవాలి.

మన తెర మీద దిగే మెట్లే కాదు, ఎక్కే మెట్లూ లేవు. చిన్నాన్నను నాన్న నెల్లిమర్ల స్టేషన్లో పాసింజరు ఎక్కించి విశాఖ తీసుకెళ్లాడు. మా వైపు పిచ్చాసుపత్రి అంటే చినవాల్తేరు. ఆ పేరు బయటికి రాకూడదని చుట్టాలకు సింహాచలం వెళ్లామని చెప్పారు. వారాల తర్వాత చిన్నాన్న బిళ్లల పొట్లంతో తిరిగొచ్చాడు. చేతులు వణికేవి, నోరు ఆరిపోయేది, పగలంతా నిద్ర. నెలల మీద ఒక్కోటీ తిరిగొచ్చింది. ముందు ఆకలి. తర్వాత రెండు చెంపలకూ గడ్డం గీసుకోవడం. ఆ తర్వాత ఉత్తరాలు. గొంతు పూర్తిగా పోలేదని ఆయనే అమ్మతో చెప్పాడు, దూరంగా జరిగిందట.

సాయంత్రం అన్నం దగ్గర కూత మోగేది. ముద్ద చేతిలో ఉండగానే చిన్నాన్న తలెత్తి అమ్మ వైపు చూసేవాడు. అమ్మ చారు వడ్డిస్తూ, "మిల్లు కూతే బాబూ" అనేది. ఆయన ఒక్క క్షణం ఆగి, "అదే నానూ అనుకున్నాను వొదినా" అని ముద్ద నోట్లో పెట్టుకునేవాడు.